ఫుందుఖ్ పక్కన మూడు రాత్రులు

మా ఆర్మూర్‌లో ప్రయాణం చేసి వచ్చినవారిని పెద్దలు ముందుగా అడిగే ప్రశ్న ‘ఎక్కడ దిగారు?’ అన్నదే. ఏమి చూశారు, ఏమి కొన్నారు అన్న సంగతులు తరువాత వస్తాయి. దశాబ్దాలుగా యువకులు గల్ఫ్ దేశాలకు వలస పోతున్న ప్రాంతం మాది. ఒకే గదిలో పదిమంది, ఒకదానిపై ఒకటి ఇనుప మంచాలు, కార్మికుల క్యాంపులు - ఈ మాటలు ఇక్కడ తెలియని ఇల్లు లేదు. పరాయి ఊళ్ళో మనిషికి దొరికిన పడకను బట్టి అతని యోగక్షేమాలను అంచనా వేయడం మావారికి అలవాటు. అందువల్ల 2024 అక్టోబర్‌లో స్పెయిన్ వెళ్ళి వచ్చిన మమ్మల్ని కూడా అదే అడిగారు. ‘గ్రనాడా నగరం నడిబొడ్డున, హోటల్‌లో’ అని చెప్పగానే కనుబొమలు పైకి లేచాయి. ఒక మదరసా ఉపాధ్యాయునికి అది ఎట్లా సాధ్యమైందని ఎవరూ పైకి అడగలేదు గాని, ఆ ప్రశ్న వారి కళ్ళలో కనిపించింది. జవాబు ముందే చెప్పివేయడం మంచిది.

మా చెల్లెలి కుమారుడు రెండేళ్ళుగా మాడ్రిడ్‌లో పరిశోధన చేస్తున్నాడు. మమ్మల్నీ మా శ్రీమతినీ పిలిపించుకుని, ఖర్చంతా తానే పెట్టుకున్నాడు. గ్రనాడాకు టిక్కెట్లు తీస్తూ, ‘మామూ, ఊరి చివర గది సగం ధరకే దొరుకుతుంది. కాని ముమానీ మోకాళ్ళను తలచుకుంటే నడిబొడ్డునే దిగాలి. అక్కడ చూడవలసినవన్నీ నడకదూరంలోనే ఉంటాయి’ అన్నాడు. గది అద్దె మాత్రం చెప్పలేదు. అతడు కాగితం బల్లపై మరచిపోతే మా శ్రీమతి చూసింది. రాత్రికి తొంభై యూరోలు, అంటే మన లెక్కలో ఎనిమిది వేల పైచిలుకు. మూడు రాత్రులకు ఎంతవుతుందో ఆమె నోటితోనే గుణించి, ‘ఇది మీ రెండు నెలల జీతం’ అన్నది. ఆ మాట మూడు రోజులూ మా వెంట నడిచింది.

మాడ్రిడ్ నుండి రైలులో మూడున్నర గంటలు. నగర కేంద్రంలోనికి బయటి వాహనాలను స్వేచ్ఛగా రానివ్వరు కనుక బస్సు దిగి, రాళ్ళు పరచిన సందులో పెట్టెలు లాగుకుంటూ హోటల్ చేరాము. చిన్న హోటల్, పాత భవనం. కౌంటరు వద్ద కూర్చున్న మహిళ మా పాస్‌పోర్టులు తీసుకుని వివరాలన్నీ నమోదు చేసుకున్నది. బస చేసే ప్రతి ప్రయాణికుని వివరాలు పోలీసు శాఖకు తెలియజేయడం ఆ దేశంలో చట్టమట. మమ్మల్నే ప్రత్యేకంగా అడుగుతున్నారేమోనని మొదట మనసు కొంచెం చివుక్కుమన్నది. మా వెనుక నిలబడిన జర్మనీ దంపతులనూ అట్లాగే అడగడం చూసి, మా అనుమానానికి మేమే సిగ్గుపడ్డాము.

గది ఇరుకుగా, శుభ్రంగా ఉన్నది. ఆర్మూర్ నుండి పెట్టెలో పెట్టుకుని వెళ్ళిన ప్లాస్టిక్ చెంబును మా మేనల్లుడు చూసి నవ్వాడు గాని, ఆ మూడు రోజులూ మా శ్రీమతి దానిని ఎవరికీ ఇవ్వలేదు. మా మెడనొప్పి కారణంగా మరొక దిండు కావలసి వచ్చింది. మేనల్లుడు కౌంటరుకు ఫోన్ చేసి అడిగిన వాక్యంలో ‘అల్‌మొఆదా’ అన్న మాట చెవిన పడగానే ఉలిక్కిపడ్డాము. అది అరబీలోని ‘అల్ మిఖద్దా’! పాతికేళ్ళుగా పిల్లలకు అరబీ వ్యాకరణం చెబుతున్నాము. ఆ మాట ఐరోపాలో, ఒక హోటల్ గదిలో, దిండు రూపంలో ఎదురవుతుందని ఊహించలేదు. ఇక అది మొదలు మా చెవులు నిలవలేదు. ఉదయపు ఫలహారంలో చక్కెర ‘అసూకర్’, ఆలివు నూనె ‘అసెయితె’, ఆలివు కాయ ‘అసెయితూనా’, నీళ్ళ కూజా ‘హార్రా’, కప్పు ‘తాసా’. సుక్కర్, జైత్, జైతూన్, జర్రా, తాస్ - పేర్లు మార్చుకుని బల్లమీద కూర్చున్న పాత బంధువుల వలె అనిపించాయి. అదే బల్లపై మాకు నిషిద్ధమైన మాంసం కూడా ఉన్నది. అడిగితే ఏది ఏదో ఓపికగా చూపించారు. టమాటా గుజ్జు, ఆలివు నూనె వేసిన కాల్చిన రొట్టెతో మా ఫలహారం ముగిసేది.

నమాజు వేళలు మమ్మల్ని తికమక పెట్టాయి. స్పెయిన్ 1940లో తన గడియారాన్ని జర్మనీ సమయానికి జరుపుకున్నది. మళ్ళీ వెనుకకు జరుపుకోలేదు. సూర్యుడు మాత్రం తన దారిని మార్చుకోలేదు కదా! కనుక అక్టోబర్ మూడవ వారంలో అక్కడ పొద్దు పొడిచేది దాదాపు ఎనిమిదిన్నరకు, మిట్టమధ్యాహ్నం అయ్యేది సుమారు రెండు గంటలకు. ఫజ్ర్ నమాజుకు లేచి వీధిలోకి తొంగిచూస్తే నగరం ఇంకా నిండు చీకటిలో ఉండేది. ఇక ఖిబ్లా సంగతి. ఆర్మూర్‌లో పుట్టినవాడికి ఖిబ్లా అంటే పడమర. గ్రనాడాలో మక్కా తూర్పు దిక్కున, కొద్దిగా దక్షిణానికి ఒరిగి ఉంటుంది. మొదటి రాత్రి మా శ్రీమతి యాభై ఏళ్ళ అలవాటు చొప్పున పడమటి గోడవైపు చాప పరచింది. మేము తిప్పి పరచినప్పుడు ఆమె, ‘ఎంత దూరం వచ్చామో ఇప్పుడు తెలిసింది’ అన్నది. విమానంలో అన్ని గంటలు కూర్చున్నప్పుడు తెలియనిది, చాప తిప్పితే తెలిసింది.

నడిబొడ్డున దిగినందుకు చెల్లించవలసిన మరొక మూల్యం నిద్ర. అక్కడివారు రాత్రి భోజనానికే తొమ్మిది దాటాక బయలుదేరుతారు. ఒంటిగంట దాకా కిటికీ కింద నవ్వులు, పాటలు, చక్రాల పెట్టెల గడగడలు. రెండవ రాత్రి నిద్ర పట్టక, తెల్లవారిన తరువాత మేనల్లుడు లేవకముందే ఒంటరిగా వీధిలోకి వచ్చాము. నాలుగు అడుగులలోనే ఒక ఎత్తైన గుర్రపునాడా ఆకారపు తోరణం కనబడింది. దానిని నేడు ‘కొర్రాల్ దెల్ కార్బోన్’ అంటారు, అంటే బొగ్గుల లోగిలి. గ్రనాడా క్రైస్తవ రాజుల వశమైన తరువాత బొగ్గు వర్తకులు అక్కడ దిగేవారు కనుక ఆ పేరు. అసలు అది పద్నాలుగవ శతాబ్దపు తొలి సగంలో నస్రీ సుల్తానుల కాలంలో కట్టిన ఫుందుఖ్. బాటసారి వర్తకుల బస. స్పెయిన్‌లో ఆ కాలపు ఫుందుఖ్ ఇంత పూర్తిగా నిలిచి ఉన్నది ఇదొక్కటేనట. స్పానిష్ భాషలో సత్రాన్ని ‘ఫోందా’ అనడం కూడా ఈ మాట నుండి వచ్చిందే.

లోపల చతురస్రమైన వాకిలి. మధ్యలో రాతి తొట్టి, దానిలోకి నీరు పడే రెండు ధారలు. చుట్టూ మూడంతస్తుల వసారాలు, వాటి వెంట వరుసగా చిన్న గదులు. కింది అంతస్తు సరుకుకూ పశువులకూ, పై అంతస్తులు మనుషులకూ. పట్టు బజారు అయిన అల్‌ఖైసరియా అక్కడికి రెండు నిమిషాల నడక. మధ్యలో దర్రో నది ఉండేది, పంతొమ్మిదవ శతాబ్దంలో దానిని కప్పి పైన వీధి వేశారు. అంటే ఆ కాలంలో నగరపు నడిబొడ్డున బస దొరికేది సరుకు మోసుకువచ్చినవాడికి. తన మూటలు కింద భద్రంగా ఉన్నవన్న నమ్మకంతో అతడు పైన నిద్రపోయేవాడు. మేము చేతిలో ఒక్క మూట లేకుండా వచ్చి, ఆ వాకిటికి నాలుగడుగుల దూరంలో, రెండు నెలల జీతం ఖరీదు చేసే గదిలో పడుకుంటున్నాము.

ఆ రాతి తొట్టి పక్కన నిలబడి ఉండగా మాకు ఆర్మూర్ జ్ఞాపకం వచ్చింది. జ్ఞాపకం అనడం మర్యాద కోసం. నిజానికి అది ఎప్పటినుండో లోపల గుచ్చుకుంటున్న ముల్లు.

కొన్నేళ్ళ కిందటి మాట. ఫిబ్రవరి నెల, పసుపు అమ్మకాలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, కళ్ళంలో ఆరబెట్టి, కొమ్ములూ మండలూ వేరుచేసి, బస్తాలకెత్తి తెచ్చేసరికి రైతు ఒంట్లో ఓపిక మిగలదు. తెచ్చిన రోజునే అమ్ముడవుతుందన్న నమ్మకమూ ఉండదు. ఆ రాత్రి పది గంటల వేళ మేము పనిచేసే మదరసా గేటు దగ్గరకు ఒక ముసలి రైతు, పదహారేళ్ళ కొడుకుతో వచ్చాడు. ‘సాబ్, మా సరుకు రేపు చూస్తరట. పిలగానికి జ్వరం ఉన్నది. ఈ అరుగు మీద పండుకుంటం’ అన్నాడు. పిల్లలుండే చోట రాత్రివేళ బయటివారిని ఉండనివ్వరాదన్నది మా నియమం. నియమం సరైనదే, ఇప్పటికీ సమర్థిస్తాము. అయితే అతడు అడిగింది పిల్లలుండే చోటు కాదు, గేటుకు బయట ఉన్న అరుగు. మేము నియమం చెప్పి తలుపు వేసుకున్నాము. ఫజ్ర్ తరువాత బయటకు వస్తే, రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ చాటున, బస్తాల మీద గోనెపట్టా కప్పుకుని తండ్రీకొడుకులు ముడుచుకుని పడుకుని ఉన్నారు. మంచుకు గోనెలు తడిసి ఉన్నాయి. అలికిడికి లేచిన ఆ రైతు మాకు నమస్కారం పెట్టాడు. నిందించలేదు. ఆ నమస్కారాన్ని మేము ఇంతవరకూ జీర్ణించుకోలేకపోయాము.

జకాతు పొందే అర్హులను దివ్య ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా పేర్కొన్నది. అందులో చివరిది బాటసారి. ఇంటివద్ద ధనవంతుడైనా దారిలో చేయి ఖాళీ అయితే అతనికి హక్కు ఏర్పడుతుందని పాఠం చెబుతాము. అతిథి సత్కారం మూడు దినాలని మహాప్రవక్త (స) బోధించారని, ఇంటివారికి ఇబ్బంది కలిగేదాకా అతిథి ఉండిపోరాదని కూడా అన్నారని చెబుతాము. ఆ రాత్రికి ముందు రోజు కూడా చెప్పి ఉంటాము.

ఆ మధ్యాహ్నం మేనల్లుడు మమ్మల్ని కేథడ్రల్ పక్కనున్న పాత మదరసాకు తీసుకువెళ్ళాడు. 1349లో సుల్తాన్ మొదటి యూసుఫ్ స్థాపించినది. నేడు అది గ్రనాడా విశ్వవిద్యాలయం ఆధీనంలో ఉన్నది. బయటి గోడలు తరువాతి కాలానివి గాని, లోపల నమాజు గది, మిహ్రాబ్ నిలిచి ఉన్నాయి. 1492 జనవరి 2న నగరం చేతులు మారింది. ఏడెనిమిదేళ్ళకే మదరసా మూతపడింది. దగ్గరలోని బిబ్‌రంబ్లా చౌకులో అరబీ గ్రంథాలను రాశిపోసి తగులబెట్టారు. ఇప్పుడు అక్కడ పూల దుకాణాలు, కాఫీ బల్లలు. దాని గురించి ఎక్కువ వ్రాయము. చదువు చెప్పి బ్రతికేవాడికి అక్కడ కాఫీ గొంతు దిగదన్నది మాత్రం చెప్పగలము. మదరసా కట్టిన కొద్దికాలానికే, 1350 ప్రాంతంలో, ఇబ్న్ బతూతా ఈ నగరానికి వచ్చాడు. ఇక్కడ తాను కలిసిన ఫకీర్లలో హిందూదేశం నుండి వచ్చినవారూ ఉన్నారని వ్రాసుకున్నాడు. వారు ఏ ఊరివారో, ఏ గదిలో పడుకున్నారో గాని, మాకంటే ఆరువందల డెబ్బై ఏళ్ళు ముందు మన దేశపు మనుషులకు ఆ ఊళ్ళో తల దాచుకునే చోటు దొరికిందన్నమాట.

తిరిగి వస్తూండగా కేథడ్రల్ గోడ పక్కన సుగంధద్రవ్యాల బండ్ల వద్ద మా శ్రీమతి ఆగిపోయింది. ఒక బుట్టలో పసుపు! పేరుచీటీపై ‘కూర్కుమా’ అని ఉన్నది. అరబీలో ‘కుర్‌కుమ్’. ఆమె చిటికెడు తీసి వాసన చూసి, ‘మనది కాదు, వాసన పోయింది’ అని తీర్పు చెప్పింది. యాభై గ్రాముల పొట్లం రెండు యూరోలు. క్వింటాలుకు పదిహేను వేల మద్దతు ధర, ఒక పసుపు బోర్డు కావాలని మా రైతులు రోడ్లెక్కిన సంగతి పాఠకులు ఎరుగుదురు. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 178 మంది రైతులు నామినేషన్లు వేసి పోటీకి నిలిచారు. ఆ పొట్లం ధరకు క్వింటాలు ఎంతవుతుందో మా శ్రీమతి ఈసారి గుణించబోయి, మధ్యలోనే మానుకున్నది.

ఇంటికి వచ్చిన తరువాత మదరసా కమిటీ ముందు విషయం పెట్టాము. హైదరాబాద్‌లో నాంపల్లి స్టేషన్ వద్ద నిజాం కట్టించిన సరాయి, మక్కాలో మన పాత సంస్థానపు హాజీలకు నేటికీ ఉచితంగా బస ఇస్తున్న నిజాం రుబాత్ - వీటిని గుర్తుచేశాము. మన వద్ద రాజుల ధనం లేదు గాని, రోడ్డువైపు పాత చాపలు నింపిన ఒక హాలు ఉన్నదని, దానికి పిల్లల ఆవరణతో సంబంధం లేదని చెప్పాము. ఒక పెద్దమనిషి దొంగతనాల భయం వెలిబుచ్చారు. ఆయన భయం తప్పు కాదు. చివరకు పసుపు అమ్మకాల రెండు నెలలు మాత్రం, పేరు, ఊరు, ఫోన్ నంబరు పుస్తకంలో వ్రాసుకుని, ఏ మతం వారైనా సరే రాత్రికి చోటివ్వాలని ఒప్పుకున్నారు. పుస్తకం మాట చెప్పింది మేమే. గ్రనాడా కౌంటరు వద్ద మనసు చివుక్కుమన్నవారమే ఆ మాట చెప్పాము.

నిజామాబాద్‌లో పసుపు బోర్డు ప్రారంభమైన 2025 జనవరి గడిచింది. ఫిబ్రవరి మొదటి వారంలో ఒక రాత్రి బాల్కొండ వైపు నుండి ఇద్దరు రైతులు వచ్చారు. చెప్పుల దుమ్ము బయటే దులుపుకుని, పుస్తకంలో పేర్లు వ్రాసి, చాప చుట్ట విప్పుతూ వారిలో పెద్దాయన ఆగాడు.

‘సాబ్, ఇక్కడ కాళ్ళు ఏ దిక్కు పెట్టొద్దో చెప్పుండ్రి’ అన్నాడు.

పడమటి గోడ చూపించాము. ఆయన చాప తిప్పి పరచుకున్నాడు.