రాత్రి పాలసీసా మానిపించడం ఆడాళ్ళ పనే అనుకోకండి

ఈరోజు పోస్టు ఉభాల గురించి కాదు, ఎరువుల గురించీ కాదు. ఏడాది దాటిన పిల్లలు రాత్రిపూట నోట్లో పాలసీసా పెట్టుకుని పడుకునే అలవాటు గురించి. "ఇదేటి, ఈయన పిల్లల డాక్టరు ఎప్పుడైపోనాడు" అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నవ్వాక చదవండి. మీ వీధిలో రెండేళ్ళు, మూడేళ్ళు వచ్చినా సీసా వదలని గుంటలు ఎంతమందో ఓపాలి లెక్కేసుకోండి. పైవరస ముందు పళ్ళు గోధుమ రంగుకి తిరిగి, నల్లబడి, మొదళ్ళ దాకా అరిగిపోయిన పిల్లలు ఎంతమందో కూడా లెక్కేసుకోండి. ఆ రెండు లెక్కల్లోనూ కొన్ని మొహాలు ఒకటే కనిపిస్తాయి.

ముందుగా ఒక మాట. తల్లుల్ని తప్పు పట్టడానికి రాయడం లేదు. మా తగరపువలస చుట్టుపక్కల ఆడవాళ్ళ రోజు ఎలా మొదలవుతుందో నాకు తెలుసు. తెల్లారకముందే పూలు కోసి ఆనందపురం మార్కెట్‌కి పంపాలి, లేదా బెండ కోతకి వెళ్ళాలి, లేదా ఆటో ఎక్కి విశాఖలో పనికి పోవాలి. చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడ్డాక ఊరి పక్కనే షిఫ్టుకి వెళ్ళొచ్చే రోజులు కూడా పోయాయి. పగలంతా మామ్మ దగ్గర పిల్ల, పిల్ల చేతిలో సీసా. రాత్రి పిల్ల లేచి ఏడిస్తే ఇంట్లో అందరూ నాలుగింటికి లేవాల్సినోళ్ళే. అవతల మంచం మీంచి మనలో ఎవడో ఒకడు, "ఆ సీసా ఇచ్చీయే, నిద్దర్లేదు" అంటాడు. సీసా నోట్లో పడగానే ఇల్లు సద్దుమణుగుతుంది. నేను చూసినంతలో రాత్రి సీసా మూడేళ్ళ దాకా సాగేది ఇందుకే. పిల్ల ఆకలి కంటే మన నిద్ర దానికి పెద్ద కారణం.

ఆకలి సంగతి డాక్టర్లు చెప్పేది సూటిగా ఉంటుంది. ఆరు నెలల దాకా తల్లిపాలే. ఆ తర్వాత మెత్తటి తిండి మొదలుపెట్టాలి, తల్లిపాలు రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వొచ్చు. ఆరు నెలల నుంచే గిన్నె, గ్లాసు అలవాటు చెయ్యాలి. ఏడాది నుంచి ఏడాదిన్నర లోపు సీసా పూర్తిగా తీసెయ్యాలి. ఆరోగ్యంగా ఎదుగుతూ, పగలు సరిగ్గా తినే ఏడాది దాటిన పిల్లకి రాత్రి సీసా పాల అవసరం ఉండదు. లేవడం, చీకడం, పడుకోవడం, ఇదంతా అలవాటు.

మనకి తెలిసిన దూడనే చూడండి. దూడకి గడ్డి అలవాటైతేనే కదా నెమరేసే పొట్ట తయారయ్యేది. పాలు ఎక్కువైపోతే గడ్డి ముట్టదు, పొట్ట ఎదగదు. మనిషి పిల్లకి నెమరు పొట్ట లేదు గానీ సూత్రం అక్కడా పనిచేస్తుంది. రాత్రికి మూడు సీసాలు తాగిన పిల్ల పొద్దున్న ఇడ్లీ ముక్క ముట్టదు. "మా గుంట ఏటీ తినదండీ, పాలే బతికిస్తన్నాయి" అంటారు. ఆ పాల వల్లే తినడం లేదు.

అక్కడితో ఆగితే బాగుణ్ణు. పాలల్లో ఇనుము దాదాపు ఉండదు. ఎక్కువైతే మిగతా తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా కూడా అడ్డుపడతాయి. ఏడాది దాటిన పిల్లకి రోజు మొత్తం మీద అర లీటరు పాలు చాలు. మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తం తక్కువని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, సీసా ఒక్కటే కాదు. కానీ తెల్లగా పాలిపోయి, పాలు తప్ప ఏదీ తినని పిల్ల మీ ఇంట్లో ఉంటే ముందు సీసాల లెక్క చూడండి.

ఇక పళ్ళు. పగలు నోట్లో ఊరే ఉమ్మి పళ్ళను కడుగుతూ ఉంటుంది. నిద్రలో ఉమ్మి బాగా తగ్గిపోతుంది. అప్పుడు సీసా పాలు పళ్ళ చుట్టూ మడుగు కట్టి నిలుస్తాయి. నోట్లోని క్రిములు ఆ తీపిని తిని ఆమ్లం చేస్తాయి, ఆమ్లం పన్నును కరిగిస్తుంది. కింది ముందు పళ్ళను నాలుక కాస్త కప్పుతుంది కాబట్టి ముందు పోయేవి పై పళ్ళు. మొదటి గుర్తు చిగురు పక్కన సుద్దలాంటి తెల్లటి గీత. ఆ దశలో పట్టుకుంటే ఆపొచ్చు. పాలల్లో పంచదారో బెల్లమో కలిపితే మరీ తొందరగా పోతాయి. "పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడతాయి" అంటారు. దవడ పాలపళ్ళు ఊడేది పది, పన్నెండేళ్ళకి. అందాకా ఆ పిల్ల ఎలా నమలాలి? నొప్పికి ఎన్ని రాత్రులు ఏడవాలి? చిన్న పిల్ల నోట్లో పళ్ళన్నీ బాగుచెయ్యాలంటే ఒక్కోసారి ఒళ్ళు తెలియకుండా మత్తు ఇవ్వాల్సి వస్తుంది. మన వరి డబ్బులు ఎటు పోతాయో చూసుకోండి.

ఇంకోటి, పాలు పోసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. కేంద్రానికి పాలు కాస్త ఆలస్యమైతే విరిగిపోతాయని పరుగు పెడతాం. అదే పాలు ఎండాకాలం రాత్రి సీసాలో పోసి, సగం తాగించి, పక్కలో పెట్టి, మూడు గంటలకి మళ్ళీ అదే సీసా నోట్లో పెడతాం. పిల్ల నోరు తగిలిన పాలు అవి. రబ్బరు పీక మడతల్లో చేరే మురికి ఎంత కడిగినా మిగులుతుంది. విరేచనాలకి అదొక దారి. వెల్లకిలా పడుకుని సీసా తాగే పిల్లలకి చెవిలో చీము పట్టే బెడద కూడా ఎక్కువ.

ఇప్పుడు ఎలా మానిపించాలో. మా ఇంట్లో చేసినదే చెప్తాను. పోయిన చలికాలం మా అమ్మాయి పిల్లను తీసుకుని వచ్చింది. 20 నెలల పిల్ల. రాత్రికి మూడు సీసాలు, ఒక్కోటి 180 మిల్లీలీటర్లు. అంటే రాత్రికే 540. పగలు ఇంకో రెండు. రోజుకి 900. అన్నం రెండు ముద్దలు. అంగన్‌వాడీలో బరువు చూపించాం, పిల్లల డాక్టరుని అడిగాం. బరువు బాగానే ఉంది, మానిపించొచ్చు అన్నారు.

ముందు పగటి సీసాలు తీసేశాం. పాలు గ్లాసులోనే. సాయంత్రం ఏడింటికి నెయ్యేసిన పప్పన్నం, గుడ్డు. కొన్ని రోజులు చోడి జావ. పడుకునే ముందు గ్లాసుతో కాసిని పాలు, ఆ తర్వాత పళ్ళు తోమడం. పేస్టు బియ్యపు గింజంత చాలు. తోమాక మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. ఇక రాత్రి సీసాల్లో రెండు రాత్రులకోసారి 30 మిల్లీలీటర్లు తగ్గిస్తూ వచ్చాం. 150, 120, 90, ఇలా. పదకొండో రాత్రి నుంచి సీసా లేదు, గ్లాసుతో నీళ్ళు.

పిల్ల పక్కన నేను పడుకున్నాను. తల్లి వేరే గదిలో పడుకుంది. ఇది ముఖ్యం. తల్లి పక్కన ఉంటే పిల్లకి పాలే గుర్తొస్తాయి, ఏడుపు వింటే తల్లి మనసు ఆగదు, పైగా పొద్దున్న పనికి పోవాల్సింది ఆవిడే. ఒకప్పుడు మోటారు కరెంటు రాత్రి ఏ ఝాముకి వస్తుందో అని మనం లేవలేదా? టార్చి లైటు పట్టుకుని గట్ల మీద తిరగలేదా? మడికి నీళ్ళు కట్టడానికి లేచినవాడు మనవరాలి కోసం లేవలేడా?

మొదటి ఆరు రాత్రులు పిల్ల పెద్దగా పట్టించుకోలేదు. ఏడో రాత్రి 60కి దిగాక సీసా విసిరేసింది. అక్కడి నుంచి అసలు పోరు. పదకొండో రాత్రి నలభై నిమిషాలు ఏడ్చింది. ఎత్తుకున్నాను, వీపు నిమిరాను, వాకిట్లోకి తీసుకెళ్ళి చుక్కలు చూపించాను. మా ఆవిడ రెండుసార్లు వచ్చి, "పాపం, కొంచెం ఇచ్చీ" అంది. ఇవ్వలేదు. ఒక్క రాత్రి లొంగితే, ఇంకాస్త ఎక్కువ ఏడిస్తే వస్తుందని పిల్లకి మనమే నేర్పినట్టు. పద్నాలుగో రాత్రి ఐదింటి దాకా లేవలేదు. ఆ వారంలోనే పొద్దున్న ఇడ్లీ అడిగి తినడం మొదలెట్టింది. సీసాలన్నీ ఇంట్లోంచి తీసేశాం, కంటికి కనబడితే మళ్ళీ మొదలు.

కొన్ని పనులు చెయ్యకండి. దూడ మూతికి ముళ్ళ చిక్కం కట్టినట్టు పీకకి వేపరసం, కారం రాయడం వద్దు. బూచోడొస్తాడని భయపెడితే నిద్ర ఇంకా చెడుతుంది. పీకకి తేనె, బెల్లం పూయొద్దు. నిద్ర పట్టాలని జలుబు మందు పట్టించడం ప్రమాదం. జ్వరం ఉన్నప్పుడు, ఇంట్లో కొత్త బిడ్డ పుట్టినప్పుడు, పెళ్ళికి ఊరెళ్ళినప్పుడు మొదలెట్టకండి. ఏడాది లోపు పిల్లల పాలల్లో నీళ్ళు కలిపి పల్చన చెయ్యొద్దు. బరువు తక్కువున్న పిల్లలకి, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి, ఏ జబ్బో ఉన్నవాళ్ళకి డాక్టరుని అడక్కుండా రాత్రి పాలు ఆపొద్దు. తల్లిపాలు తాగే పిల్లల సంగతి వేరు, ఈ పోస్టు చూసి వాళ్ళకి తల్లిపాలు ఆపించెయ్యకండి. పళ్ళు మాత్రం వాళ్ళకీ తోమాలి.

కడుపు నిండితే తెల్లారేదాకా పడుకుంటారని డబ్బా పిండిని సీసాలో కలిపి పట్టేవాళ్ళున్నారు. అది గొంతుకి అడ్డం పడొచ్చు, పళ్ళకి అంటుకుంటుంది. పైగా మన దేశంలో అప్పట్లో అమ్మిన సెరెలాక్‌లో ఒక్కో పూటకి సగటున దాదాపు 3 గ్రాముల పంచదార అదనంగా కలుపుతున్నారని 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్ సంస్థ పబ్లిక్ ఐ బయటపెట్టింది. అదే కంపెనీ జర్మనీలో, బ్రిటన్‌లో అమ్మిన వాటిలో అలా కలపలేదట. మన చోడిపిండికి ఆ గొడవ లేదు.

టీవీలో సబ్బు ప్రకటన చూశారు, పురుగుమందు ప్రకటనా చూశారు. పాలసీసా ప్రకటన ఎప్పుడైనా చూశారా? పాలపొడి డబ్బాలు, పాలసీసాల ప్రచారాన్ని ఆపుతూ 1992లోనే కేంద్రం చట్టం చేసింది, 2003లో దాన్ని ఇంకా బిగించింది. తల్లులకి సీసా ఉచితంగా ఇవ్వడం కూడా నేరమే. అంత జాగ్రత్త పడిన వస్తువు మన కిరాణా కొట్లో బిస్కట్ల పక్కనే వేలాడుతూ ఉంటుంది, మనం చిల్లర ఇచ్చి తెచ్చుకుంటాం. మన అమ్మలకి ఉగ్గుగిన్నె ఉండేది. ఇప్పుడు స్టీలు గిన్నె, చెంచా చాలు. మరిగించి కడగడం కూడా తేలిక.

మీ ఇంట్లో సీసా పట్టే పిల్ల ఉంటే ఈ వారంలో పని తక్కువున్న నాలుగు రాత్రులు చూసుకోండి. ఎవరు పిల్ల పక్కన పడుకోవాలో ముందే మాట్లాడుకోండి. తల్లి కాకుండా.