నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి?

మా చదువంతా తమిళంలోనే సాగింది. రాతలో తమిళ వాసన తగిలితే ఓర్చుకోండి.

మా బండికి 22 ఏళ్ళు. తుంటి ఆపరేషన్ అయిన మా అమ్మకి దాని ముందు సీటు ఎత్తు సరిగ్గా సరిపోతుంది. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. ఆటో కుదుపులు ఆమె తట్టుకోలేదు.

అలాంటి బండిలో కూలెంట్ తగ్గడం మొదలైంది. రెండు వారాలకు అర లీటరు పోయాల్సి వచ్చేది. కింద మాత్రం చుక్క లేదు. రాత్రి అట్ట పరిచి చూశాం, తెల్లారేసరికి పొడిగానే ఉంది. మెకానిక్ చూసి, "హెడ్ గ్యాస్కెట్ సార్. ఇంజన్ విప్పాలి. 18,000 అవుతుంది, పది రోజులు పడుతుంది" అన్నాడు. పది రోజులు వైద్యం ఆగితే అమ్మ కాలు మళ్ళీ బిగుసుకుపోతుంది. ఫోన్లో అబ్బాయి, "పాత ఇనుముకి వేసెయ్యండి" అన్నాడు.

రైల్వేలో గుమాస్తాగా ఏళ్ళ తరబడి లెక్కలు చూసిన చెయ్యి మాది. లెక్కలో తేడా వస్తే అది ఏదో ఒక పద్దులో దాక్కునే ఉంటుంది. కూలెంట్ పోవడానికి దారులు నాలుగే: బయటికి, ఇంజన్ ఆయిల్లోకి, సిలిండర్లోకి, కారు లోపలికి. ఒక నోటుబుక్కు పెట్టి ఒక్కొక్క దారే కొట్టేస్తూ వచ్చాం.

ఆయిల్ పుల్ల తీసి చూశాం. నీళ్ళు కలిస్తే ఆయిల్ పాలకాఫీ రంగులోకి మారుతుంది. మాది మామూలుగానే ఉంది. పొగగొట్టంలో తెల్లపొగ లేదు. స్పార్క్ ప్లగ్గులు విప్పిస్తే పొడిగా ఉన్నాయి. ఇక రేడియేటర్ మూత చోట చేతిపంపు బిగించి గాలి ఒత్తిడి ఎక్కించమన్నాం. ఇది ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చేయాలి. మూత మీద 0.9 అని ఉంటుంది. అంత ఒత్తిడిలో నీళ్ళు దాదాపు 118 డిగ్రీల దగ్గర గానీ మరగవు. వేడి మీద మూత తిప్పితే ముఖానికే చిమ్ముతాయి. పంపు ముల్లు మెల్లగా దిగింది. కింద నేల పొడిగానే ఉంది.

మిగిలింది నాలుగో దారి. దాన్ని అమ్మ నెల ముందే చెప్పింది. "కాళ్ళ కింద చెమ్మగా ఉంది, బెల్లప్పాకం వాసన వస్తోంది" అని. ఏసీ నీళ్ళని అందరూ తేల్చేశారు. కానీ అది ధనుర్మాసం. రెండు వారాలుగా మేము ఏసీ వేయలేదు. అయినా చెమ్మ పోలేదు. ఏసీ నీళ్ళకి వాసన ఉండదు, జిగురు ఉండదు, ఆరిపోతాయి. కూలెంట్ తీపి వాసన వేస్తుంది, వేళ్ళకి జారుగా తగులుతుంది, త్వరగా ఆరదు. అది విషం కూడా. రుచి చూడకండి, కుక్కలకీ పిల్లలకీ అందనివ్వకండి.

కార్పెట్ ఎత్తించాం. అడుగునున్న దళసరి గుడ్డ పచ్చగా నానిపోయి ఉంది. డాష్‌బోర్డు వెనక హీటర్ కోర్ అని చిన్న రేడియేటర్ లాంటిది ఉంటుంది. చలికాలంలో కారు లోపల వెచ్చదనానికి దానిలోంచి వేడినీళ్ళు తిప్పుతారు. చిల్లు అందులో పడింది. కారిందంతా కార్పెట్ తాగేస్తే కింద చుక్క ఎలా పడుతుంది?

తిరుచ్చి ఎండల్లో హీటర్ ఎవరికి కావాలి? దానికి వెళ్ళే రెండు గొట్టాలనూ ఇంజన్ దగ్గరే ఒకదానితో ఒకటి కలిపించాం. పని ఒక్క పూట, ఖర్చు 600 రూపాయలు. తడిసిన గుడ్డ తీసేసి కొత్తది వేశాం.

మీ ఇంట పాత బండి ఉండి, కూలెంట్ తగ్గుతూ నేల మాత్రం పొడిగా ఉంటే, ఇంజన్ విప్పమనే ముందు ముందు సీటు కింద కార్పెట్ ఎత్తి ముట్టుకుని చూడండి. అక్కడ కూర్చునే మనిషిని కూడా ఒక మాట అడగండి.

నోటుబుక్కులో 45 రోజులుగా ఒకటే గీత. అమ్మ ఇప్పుడు వాకర్ పట్టుకుని గేటు దాకా నడిచొచ్చి, బండి తలుపు తానే తీసుకుంటోంది.