మాట ఒకరిది, బాణీ ఒకరిది

కూనిరాగం తీయని ఇల్లాలు ఉంటుందా, చెప్పండి! బియ్యం ఏరుతున్నా, బట్టలు మడతపెడుతున్నా ఏదో ఒక పాట మన నోట్లో నలుగుతూనే ఉంటుంది. కానీ ఆ మాటలు ఎవరివి, బాణీ ఎవరిది అని ఎప్పుడైనా ఆలోచించారా? ఒక ఇంగ్లీషు పాట విన్నాక నాకా ఆలోచన పట్టుకుంది. ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్న మా అమ్మాయి ఫోనులో పాట పెట్టి, ఒక్కో మాటకూ అర్థం చెప్పింది.

ఆ మాటలు హౌస్‌మన్ అనే కవివి. ఆయన లాటిన్ ప్రొఫెసరు. 1896లో ‘ఎ ష్రాప్‌షైర్ లాడ్’ అని 63 పద్యాల పుస్తకం సొంత ఖర్చుతో వేయించుకున్నారు. నిండా పల్లెటూరి కుర్రాళ్ళు, వాళ్ళ ప్రేమలు, చిన్న వయసులో చావులు. ఆ పద్యాలంటే సంగీతకారులకు ఎంత మోజో! పాటలు కట్టుకుంటామంటే హౌస్‌మన్ డబ్బు అడిగేవారు కాదట.

అందులో ఒక పద్యం సంగతి వినండి. చచ్చిపోయిన కుర్రాడు స్నేహితుణ్ణి అడుగుతాడు: నేను తోలిన గుర్రాలు ఇంకా పొలం దున్నుతున్నాయా? ఏటి ఒడ్డున ఫుట్‌బాల్ ఆడుతున్నారా? నేను ప్రేమించిన పిల్ల ఏడుస్తోందా? అన్నీ బాగానే ఉన్నాయి, ఆ పిల్లా బాగానే ఉందంటాడు స్నేహితుడు. చివరికి తెలుస్తుంది, ఆ పిల్లకు ఇప్పుడు తోడు ఆ స్నేహితుడే!

1909లో వాన్ విలియమ్స్ అనే సంగీతకారుడు దీనికి బాణీ కట్టి, ఫుట్‌బాల్ ఉన్న రెండు చరణాలు తీసేశారు. హౌస్‌మన్‌కు ఒళ్ళు మండింది. ఆయన సంగీతంలోంచి నేను రెండు ముక్కలు కోసేస్తే ఊరుకుంటారా అన్నారు. అర్థం చెడనంత వరకూ ఎంచుకునే హక్కు మాకుందని వాన్ విలియమ్స్ వాదన. మీరే చెప్పండి, మన ఆవకాయ కొలతలు రాసుకెళ్ళి, ఆవపిండి మానేసి, ‘ఇది ఫలానావిడ ఆవకాయ’ అంటే మనకెలా ఉంటుంది? నేనైతే కవిగారి పక్షమే!

మా అమ్మాయి వినిపించింది మాత్రం జార్జ్ బటర్‌వర్త్ బాణీ. 1911లో వచ్చిన ఆరు పాటల్లో చివరిది. ఇతను చరణాలేవీ వదల్లేదు. తల్లి గాయని, తొలి పాఠాలు ఆమె దగ్గరే. పెద్దయ్యాక పల్లెలు తిరిగి జానపద గీతాలు సేకరించాడు. హరికథ దాసుగారు ఒక్కరే రాముడూ రావణుడూ అయినట్టు, ఈ పాటలో చచ్చినవాడూ, బతికున్నవాడూ ఒకే గాయకుడు. చచ్చినవాడి ప్రశ్న సన్నగా, ఎక్కడో దూరం నుంచి వస్తుంది. స్నేహితుడి జవాబు గట్టిగా, తొందరగా. ఆ గట్టితనంలోనే అతని మనసులోని బెరుకు నాకు వినబడింది. కాగితం మీద చదివితే అది నాకు తట్టేది కాదు.

ఆ తర్వాత మా అమ్మాయి చెప్పింది విని చేతిలో పని ఆపేశాను. 1914లో యుద్ధం రాగానే బటర్‌వర్త్ సైన్యంలో చేరాడట. వెళ్ళేముందు తనకు నచ్చని రచనలు చాలావరకు నాశనం చేశాడట. 1916 ఆగస్టు 5న ఫ్రాన్స్‌లో, సోమ్ యుద్ధంలో తూటా తగిలి పోయాడు. వయసు 31. అతని సమాధి ఎక్కడో ఈనాటికీ తెలియదు. పిల్లల తల్లులం కదా, ఆ మాట వింటే గుండె పట్టేస్తుంది.

మళ్ళీ పాట పెట్టించుకుని విన్నాను. ఈసారి ఆ సన్నని గొంతు, నా గుర్రాలేమయ్యాయని కాదు, నా పాటలు ఎవరైనా పాడుతున్నారా అని అడుగుతున్నట్టనిపించింది. పాడుతున్నారు నాయనా, ఇక్కడ మా వంటింట్లో కూడా వింటున్నాం అని చెప్పాలనిపించింది.

ఈసారి మీకు నచ్చిన పాట నోట్లో నలిగినప్పుడు ఆ ఇద్దరి పేర్లూ కనుక్కోండి. పక్కనున్న పిల్లలకూ చెప్పండి. ఏమంటారు?