పావగడ గట్ల మీద పగటి చిమ్మెటలు

పావగడ పేరు చెప్పగానే మనలో చాలామందికి శనీశ్వరుని గుడి గుర్తొస్తుంది. ఈ మధ్య అయితే తిరుమణి చుట్టుపక్కల 13,000 ఎకరాల్లో పరిచిన సౌరఫలకాలు. తుమకూరు జిల్లాలో ఉన్నా మూడు వైపులా ఆంధ్ర నేలే కాబట్టి, అక్కడ తెలుగు మాట కోసం వెతుక్కోనక్కరలేదు. దర్శనం చేసుకుని, కొండ మీది కోట చూసి, బస్సెక్కేస్తాం. ఈసారి వానల తరువాత వెళితే, ఎండ కాసే పూట ఒక గంట పొలం గట్ల మీద నడవండి. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.

అడుగు వేయగానే గడ్డిలోంచి తెల్లటిదేదో లేచి, కొద్ది దూరం ఎగిరి, మళ్ళీ గడ్డిలో పడి మాయమవుతుంది. సీతాకోకచిలుకే అనుకుంటాం. పరుగెత్తకుండా, మన నీడ దాని మీద పడకుండా దగ్గరికి వెళ్ళి చూడాలి. సీతాకోకచిలుక వాలినప్పుడు సాధారణంగా రెక్కలు నిలువుగా మూస్తుంది. దాని మీసాల చివర చిన్న బుడిపె ఉంటుంది. ఇదేమో రెక్కల్ని ఒంటికి చుట్టుకుని కూర్చుంది. మీసాలు దారప్పోగుల్లా ఉన్నాయి. తెల్లటి రెక్కల నిండా ఎర్రచుక్కలు, నల్లచుక్కలు. ఇది చిమ్మెట. శాస్త్రజ్ఞులు దీన్ని యుటెథీసా అంటారు.

రాత్రి దీపం చుట్టూ తిరగవలసిన చిమ్మెటకు పట్టపగలు ఇంత ధైర్యం ఎక్కడిది? గిలిగిచ్చ, జనుము జాతి మొక్కల్లో ఒక చేదు విషం ఉంటుంది. గొంగళిగా ఉన్నప్పుడు వాటి ఆకులు, కాయల్లోని గింజలు తిని, ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. రెక్కలొచ్చాకా అదే దానికి రక్ష. ఫ్లోరిడాలో ఉన్న మన చదువరులు దీని చుట్టాన్ని తమ ఊళ్ళోనే చూడవచ్చు. కోర్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ ఐస్నర్ దాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించారు. గూటిలో చిక్కిన ఆ చిమ్మెటను సాలీడు తినకపోగా, తానే పోగులు తెంపి వదిలిపెడుతుందట!

ఇంకొన్నిటిని కూడా పగలే చూడవచ్చు. నల్లటి ఒంటి మీద రంగు పట్టీలతో కందిరీగ వేషం వేసేది ఒకటి. పూల ముందు గాలిలో నిలబడి పొడవాటి నాలుకతో తేనె పీల్చేది ఇంకొకటి. తోటకూర మడిలో చెయ్యి పెట్టగానే లేచే గోధుమరంగుది, రెక్కల మీద తెల్లపట్టీ ఉన్నది, మరొకటి.

వేరుశనగ రైతుకు రెక్కల పురుగంటే కోపం ఉండడం న్యాయమే. తొలకరి తరువాత ఎర్ర గొంగళి చేసే నష్టం అంతా ఇంతా కాదు. కానీ అది వేరు, ఇది వేరు. ఈ చుక్కల చిమ్మెట జనుము కాయను తొలుస్తుంది గాని వేరుశనగ జోలికి రాదు. పగవాడెవరో పొరుగువాడెవరో పోల్చుకోలేక గొంగళి కనబడితే చాలు నలిపేస్తే, కలుపుమందు కొట్టి గట్టంతా మాడ్చేస్తే, గిలిగిచ్చతోపాటు ఇదీ పోతుంది.

కాయ ఎండితే లోపల గింజలు గలగలమనే ఆ మొక్క మన తాతలకు బాగా తెలుసు. దాని మీద బతికే ఈ చిమ్మెటను మీ ఊళ్ళో ఏమని పిలిచేవారో ఇంట్లో పెద్దవాళ్ళనడిగి పత్రికకు రాయండి. అందాకా మన పిల్లలకు ‘గిలిగిచ్చ చిమ్మెట’ అని చెబుదాం. పేరు తెలిసిన ప్రాణిని తొక్కడానికి ఎవరికైనా కాలు రాదు.