దాచరాని నొప్పి

ఓర్పు స్త్రీకి భూషణమని మన తల్లులు నేర్పిరి; మేమును మా కూతుండ్రకు నేర్పితిమి. ఆ యోర్పే మా యింట నొక ప్రాణమునకు ముప్పు తెచ్చుట కన్నులార జూచితిమి గావున నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము తాండూరు దాపున యాలాల్ గ్రామమున నుందుము. మా వారు ఉపాధ్యాయులు. మా ఆడుబిడ్డకు నెలల తరబడి తలనొప్పి. హైదరాబాదున పరీక్ష చేయింపగా మెదడును గప్పు పొరనుండి పుట్టిన గడ్డ యని తేలెను. దానిని మెనింజియోమా యందురు. అది పురుషులకంటె స్త్రీలకే యెక్కువగా వచ్చును. చాలవరకు క్యాన్సరు కాదు. కాని రక్తము మెండుగా బీల్చి పెరుగు గడ్డలను కోయునపుడు నెత్తురు విశేషముగా పోవును. అందుచే శస్త్రచికిత్సకు ముందే దాని రక్తపుదారిని మూయుదమని వైద్యులనిరి.

గజ్జలోని ధమనిలోనికి సన్నని గొట్టమును జొనిపి, ఎక్స్‌రే తెరపై జూచుచు శిరస్సువైపు నడిపి, గడ్డను బోషించు నాళములో మిక్కిలి సన్నని రేణువులనో, జిగురువంటి మందునో విడుతురు. 1927లో లిస్బను నగరమున ఈగాస్ మోనిజ్ అను వైద్యుడు మెదడు నాళములను తొలిసారి ఎక్స్‌రేలో జూపెను. ఈ విద్యకు పునాది యదియే.

మడికి నీరాపుటకు కాలువకు గట్టు వేయుట మన మెరుగుదుము. గట్టున ఎలుకబొరియ యున్నచో నీరు పొరుగు మడికి పోవును. అట్లే తలలోని నాళములకు కంటి కానరాని లంకెలు గలవు. మందు ఆ త్రోవను బోయినచో చూపు పోవచ్చును, ముఖము వంకరపోవచ్చును, పక్షవాతము రావచ్చును. రక్తమందని గడ్డ వాచుటయు, లోన నెత్తురు చిమ్ముటయు గలదు. 2013లో వెలువడిన యొక సమీక్షలో 459 మంది రోగులలో 21 మందికి ఈ ప్రక్రియ వలననే ఉపద్రవములు కలిగినట్లున్నది. సుశ్రుతుని 107 మర్మములలో 37 మెడయందును శిరస్సునందునే యున్నవని చిన్ననాట మా తండ్రిగారి యొద్ద చదివితిమి. ఆ లెక్కలోని యర్థము అపుడు తెలిసెను.

వైద్యులు ఇవన్నియు చెప్పిరి. కాని ఆమె భర్తకును మాకును మాత్రమే. భయపడునని ఆమెకు మేము దాచితిమి. ఆ తప్పు మాది.

ప్రక్రియ సాఫీగా ముగిసెను. ఆ రాత్రి మేము ప్రక్కన నుంటిమి. వేకువజామున ఆమె మాట తడబడుట విని యులికిపడి, "తల నొచ్చుచున్నదా?" యని యడిగితిమి. "నడిరేయి నుండియే వదినా! నీవు నిద్రించుచుంటివి, ఎందుకు లేపవలెనని యోర్చుకొంటిని" అనెను. నర్సును బిలిచితిమి. స్కానులో గడ్డ వాచి మెదడును నొక్కుచున్నట్లు కానవచ్చెను. రెండు దినముల పిమ్మట చేయదలచిన శస్త్రచికిత్సను ఆ యుదయమే చేసిరి. ప్రాణము దక్కెను. కుడిచేతి పట్టు మాత్రము నేటికిని పూర్తిగా రాలేదు. కందులు చెరుగ చాట పట్టినపుడు ఒకప్రక్క జారిపోవును. నడిరేయినే చెప్పియుండిన ఆ చేయి దక్కెడిదేమో!

ఈ ప్రక్రియ ప్రతి రోగికిని అవసరము కాదు. వైద్యులలోనే దీనిపై అభిప్రాయభేదము గలదు. కావున అడుగుడు: ఇది మాకెందుకు? శస్త్రచికిత్స ఎన్నాళ్లకు? ఏ గుర్తు కానవచ్చిన వెంటనే చెప్పవలెను? ఆ యుత్తరములను రోగియే స్వయముగా వినవలెను. కొత్త తలనొప్పి, వాంతి, చూపు మసక, మాట తడబాటు, కాలుసేతుల నిస్సత్తువ: వీనిలో నేది తోచినను అర్ధరాత్రమైనను నిద్ర లేపి చెప్పవలెను.

మా ఆడుబిడ్డ నేడును తన కూతునకు ఓర్పు నేర్పుచునే యున్నది. నొప్పిని మాత్రము దాచకుమని ముందుగా చెప్పుచున్నది.