నూనె చీటి

నైరోబీ నగరమున నుపాధ్యాయవృత్తిలో నున్న నాకు 2019 వ సంవత్సరమున నొక కారు కొనవలసిన యవసరము కలిగెను. క్రొత్తదానిని కొనుటకు శక్తి చాలదు. ఆ దేశమున నాబోటి గృహస్థులు కొనునవి జపానులో నెవరో వాడి విడిచిన బండ్లే. రెండు దేశములందును బండ్లు త్రోవకు నెడమవైపుననే నడచును. జపానులో క్రొత్త కారునకు మూడేండ్లకును, పిమ్మట రెండేసి యేండ్లకును ప్రభుత్వపరీక్ష తప్పదు. దాని వ్యయమునకు జడిసి చక్కగ నడచుచున్న బండినే యమ్మివేయువారు కలరు. కెన్యావా రెనిమిదేండ్లు దాటినదానిని దిగుమతి కానీయరు. కావున 2012 నాటి టొయోటా కరోలా యాక్సియోను కోరితిని. నలుగురము సుఖముగ గూర్చుండి, వెనుక డిక్కీలో బియ్యపు బస్తా వేసికొనదగిన బండి.

ఈ బేరమున సొమ్ము ముందు, దర్శనము పిమ్మట. ఛాయాపటము చూచి పెండ్లి నిశ్చయించుకొనువారిని నేను పూర్వము పరిహసించియుంటిని. ఇప్పుడు కష్టార్జితమంతయు నట్టి పటమునకే ధారవోయ సిద్ధపడితిని.

జపాను వేలపుశాలలలో నొక మంచి యాచారము కలదు. అమ్మకమునకు వచ్చిన బండిని పరీక్షకుడు చూచి, కాగితముపై నున్న బండి పటమున దాని దోషములను గుర్తించును. గీత పడినచోట ఏ, సొట్ట పడినచోట యు. ప్రక్కనున్న యంకె పెరిగినకొలది దోషము పెద్దది. మొత్తము బండికి మార్కులు వేయును. నాలుగున్నర వచ్చినది మేలైనది. ప్రమాదమున దెబ్బతిని బాగుచేయబడినదానికి ఆర్‌ అను నక్షరము. నడచిన కిలోమీటర్లును వ్రాయును. మన వరులకు నిట్టి కాగిత మొకటి యుండినచో కట్నము లేమగునో చదువరు లూహింతురు గాక!

"ఆ కాగితం తెప్పించారా?" అని నా భార్య యడిగెను. ఇంటి పద్దులు వ్రాయున దామెయే. మధ్యవర్తి పటము లిరువది పంపెను గాని, కాగిత మడుగగానే "మరొకరు కొనబోవుచున్నారు, త్వరపడుడు" అని వ్రాసెను. నేను త్వరపడితిని.

బండి యొకొహామాలో నోడ యెక్కి మొంబాసాలో దిగెను. కస్టమ్సువారు నేనిచ్చిన ధరను గాక తాము కట్టిన విలువను బట్టి నాడు నూటికి 25 దిగుమతి సుంకమును, దానిపై నెక్సైజును, ఆ మొత్తముపై మరల నూటికి 16 పన్నును వేసిరి. ఆ ముచ్చట విస్తరించిన దుఃఖము మరల మేల్కాంచును; విడిచెదను.

మీటరు 68,000 కిలోమీటర్లు చూపుచుండెను. ఒక యాదివారము నా భార్య తడిగుడ్డతో తలుపు చట్రము తుడుచుచుండగా, ఇంజను నూనె మార్చినప్పు డంటించిన చీటి యొకటి కనబడెను. జపాను లిపి మాకు రాదు గాని యంకెలు తెలియును. 1,12,000! మీటరును వెనుకకు త్రిప్పిరన్నమాట. మధ్యవర్తికి నాలుగు జాబులు వ్రాసితిని. ఒకదానికిని బదులు లేదు.

అయినను బండి మూడేండ్లు చక్కగ నడచెను. 2022 లో దాని నమ్మదలపగా మా పాఠశాలలోని యొక యువోపాధ్యాయిని కొనవచ్చెను. ఆమె దాచుకొన్న సొమ్మంతయు నదియే. ఆ యుదయమున నేను గోటితో నా చీటి యంచును లేపుచుంటిని. మోసగాని నన్నాళ్లు దూషించిన నా మనస్సే "మీటరు నీవు త్రిప్పలేదు గదా" అని నాకు నచ్చజెప్పుచుండెను. నా భార్య వాకిటనుండి చూచి, "ఆవిడా ఉత్తరాలు రాస్తుంది. మీరు బదులు రాస్తారా?" అనెను.

చీటి చూపి, జరిగినదంతయు చెప్పితిని. ఆ యువతి చాలసేపు చూచి, నేననుకొన్న ధరలో నైదవవంతు తగ్గించి యడిగెను. నేను బేరమాడలేదు. తాళము లందుకొని, లేచిన చీటి యంచును బొటనవ్రేలితో నదిమి యంటించి, ఆమె బండి నెక్కెను.