వెదకడం కూడా నేర్చుకోవాలి



మా ఊళ్లో ఇప్పుడు సెల్లు లేని ఇల్లు లేదు. అయినా వారానికి నలుగురైనా నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, కాస్త నెట్‌లో చూసి చెప్పండి" అంటారు. పించను ఎందుకు ఆగింది, మిరపకు ఏ తెగులు వచ్చింది, పిల్లవాడి ఫలితాలు ఎప్పుడొస్తాయి, ఇలాంటివే. చూసి చెప్పడం నాకు కష్టమేమీ కాదు. కాని వాళ్లంతట వాళ్లే చూసుకోగలిగితే ఇంకా మేలు కదా. అందుకే ఈ మధ్య కూడిక అయ్యాక యౌవనస్థులను కాసేపు కూర్చోబెట్టి, వెదకడం ఎలాగో మాట్లాడుతున్నాను. అక్కడ చెప్పినవే మీకూ రాస్తున్నాను.

దీనికి కారణమైన సంగతి ముందు చెప్పాలి. కిందటి వానాకాలంలో కలుపు తీస్తుండగా మా సంఘంలోని ఒక అక్కను కాలి మీద పాము కరిచింది. తెచ్చి గట్టు మీద కూర్చోబెట్టారు. నేను వెళ్లేసరికి ఒకరు 108కి ఫోను చేస్తున్నారు. ఆమె మేనల్లుడు సెల్లులో వెదుకుతున్నాడు. అతను కొట్టింది "పాము కాటుకు నాటు మందు" అని. వరసగా వీడియోలు వచ్చాయి. ఒకాయన ఏదో ఆకు పసరు పొయ్యమంటాడు, ఇంకొకాయన కరిచినచోట కోసి రక్తం పీల్చెయ్యమంటాడు. కుర్రవాడు బ్లేడు కోసం అటూ ఇటూ చూస్తున్నాడు. "బాబూ, ఆగు. పాము కాటు ప్రథమ చికిత్స, ప్రపంచ ఆరోగ్య సంస్థ అని కొట్టు" అన్నాను. ఈసారి వచ్చిన మాట వేరు. కోయకూడదు, పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. కాలు కదలనివ్వకుండా ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా ఆసుపత్రికి చేర్చాలి. అలాగే చేశాం. ప్రభుత్వ ఆసుపత్రిలో విరుగుడు ఇంజెక్షన్లు ఇచ్చారు. నాలుగో రోజున అక్క ఇంటికి వచ్చింది. దేవునికి స్తోత్రం.

ఆలోచించండి. ఆ రెండు జవాబులూ ఒకే సెల్లులో వచ్చినవే. తేడా అడిగిన మాటలో ఉంది. "నాటు మందు ఏది" అని అడిగామంటే, నాటు మందుతో విషం దిగుతుందని మనం ముందే ఒప్పేసుకున్నట్టు. గూగుల్ మనతో వాదించదు. మనం రాసిన మాటలకు దగ్గరగా ఉన్నవి తెచ్చి ముందు పెడుతుంది. "ఫలానా ఆకుతో షుగరు తగ్గుతుంది" అని కొడితే, తగ్గుతుందని చెప్పేవాళ్లే ఎక్కువగా ఎదురొస్తారు. "షుగరుకు చికిత్స ఏమిటి" అని అడిగి చూడండి. మనకు ఇష్టమైన జవాబును ప్రశ్నలోనే పెట్టి పంపకూడదు. ఇది మొదటి మాట.

రెండోది, సరైన పేరు పెట్టి అడగాలి. "నా పొలం కాగితం" అంటే దొరకదు. ఆఫీసులో దాన్ని ఏమంటారో ఆ పేరు కావాలి. మన ఆంధ్రాలో అయితే "మీభూమి అడంగల్" అని కొడితే దారి దొరుకుతుంది. "మిరపకు జబ్బు" అనేదానికంటే "మిరపలో ఆకు ముడత" అన్నది మేలు. ఒక వాక్యంలో మూడు నాలుగు మాటలే గుర్తున్నాయనుకోండి, వాటిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెదకండి. అవే మాటలు అదే వరసలో ఉన్న పేజీలు వస్తాయి. తెలుగులో దొరక్కపోతే, చదువుకునే పిల్లలచేత అదే మాట ఇంగ్లీషులో కొట్టించండి.

మూడోది, మాట్లాడుతున్నది ఎవరో చూడాలి. పైన కనబడినంత మాత్రాన అది నిజం కాదు. "స్పాన్సర్డ్" అని ఉంటే అది డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన. మాకు తెలిసిన ఒక విధవరాలు బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కోసం నెట్‌లో వెదికించుకుంది. ముందు కనబడిన నంబరు దొంగలది. వాళ్లు అడిగిన ఓటీపీ చెప్పింది. కూలి చేసి దాచుకున్న డబ్బు పోయింది. బ్యాంకు నంబరు పాసుపుస్తకం మీదో, కార్డు వెనకో చూసుకోవాలి. ప్రభుత్వ పథకమైతే అడ్రసు చివర "గవ్ డాట్ ఇన్" ఉందో లేదో చూడాలి. ఏ తేదీన రాసిందో కూడా చూడాలి. ఎప్పుడో ముగిసిపోయిన పథకాలు ఇంకా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉన్నాయి. ఒకవేళ మోసపోతే, సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చెయ్యండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఒక్క సాక్షి మాట మీద తీర్పు తీర్చవద్దని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయంలో చదువుతాం. నెట్‌లోనూ ఆ నియమం పనికొస్తుంది. అయితే జాగ్రత్త: పది చోట్ల ఒకే మాట అక్షరం పొల్లుపోకుండా కనబడితే వాళ్లు పదిమంది సాక్షులు కారు. ఒకరు చెప్పింది తొమ్మండుగురు ఎత్తి రాసుకున్నారు, అంతే. రెండో సాక్షి అంటే, ఆ సంగతి తనంతట తాను తెలుసుకున్నవాడు.

కొందరు అంటారు, ఇంతగా పరీక్షించి చూడటం అవిశ్వాసం కాదా అని. బెరయవారిని గుర్తు చేసుకోండి. సాక్షాత్తు పౌలు వచ్చి బోధిస్తే ఆసక్తితో విన్నారు. విని, అలా ఉందో లేదో అని ప్రతిరోజూ లేఖనాలు తెరిచి చూశారు. వినడమూ చూసుకోవడమూ రెండూ చేసినందుకే గ్రంథం వారిని మెచ్చుకుంది. పౌలు మాటనే పరీక్షించినప్పుడు, ఊరూ పేరూ లేని వీడియోను పరీక్షించడానికి మనకెందుకు మొహమాటం? ఈ పాస్టరు చెప్పే మాటనైనా అలాగే పరీక్షించండి, నేను సంతోషిస్తాను.

ఈ వారం ఒక్క పని చెయ్యండి. గ్రూపులోకి ఏ మెసేజీ వచ్చినా పక్కవారికి పంపేముందు, అది నిజమా అని ఒక్కసారి వెదకండి. మీ ఇంట్లో చదువురాని పెద్దవాళ్లుంటే, వారి పక్కన కూర్చుని వారి ప్రశ్న కూడా మీరే సరిగ్గా అడిగిపెట్టండి. అదీ పరిచర్యే.

ప్రభువు మీకు వివేచన దయచేయును గాక. ఆమేన్.